అమ్మ పాటకు దుబాసీ

మా అమ్మ పాడిన పాటలు ఆరు కాసెట్లు మా బీరువాలో వున్నాయి. 1984లో టేప్ రికార్డరు ముందు పీట వేసుకు కూర్చుని పాడింది. లాలిపాటలు, మంగళహారతులు, తలుపుదగ్గర పాటలు, అప్పగింతలు – పుస్తకాలలో దొరకనివే హెచ్చు. 1991లో అమ్మ పోయింది. టేపు మిగిలింది. కాని టేపుకు మాత్రం వయస్సు రాదా? అందుకని వాటిని కంప్యూటరులోకి యెక్కించే పని పెట్టుకున్నాను. టేప్ రికార్డరులోని ధ్వనిని అంకెలుగా మార్చి యు.ఎస్.బి. తీగ ద్వారా కంప్యూటరుకు అందించే చిన్న పెట్టె మా యింట్లో వుంది. పదిహేనేళ్ల క్రితం కొన్నది. దానితో మూడు కాసెట్లు పూర్తిచేశాను.

ఇంతలో రెండు విషయాలు కలిసి వచ్చాయి. విండోస్ 10కు మామూలుగా వచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయి గనక 11కు మారమని హైదరాబాదునుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. రాజమండ్రినుంచి మా అక్కయ్య కూడా ఫోను చేసింది. "ఒరే, కార్తికంలో మనవరాలి పెళ్లి. ఆ తర్వాత మూఢం. అప్పగింతలప్పుడు అమ్మ పాట వినిపించాలిరా" అన్నది. అక్కయ్యకు డెబ్బయ్యెనిమిదేళ్లు. చెవులు కొద్దికొద్దిగా మందగిస్తున్నాయి. సరేనన్నాను.

ముందూ వెనుకా చూడకుండా ఆ రాత్రే కంప్యూటరును కొత్త విండోస్‌కు మార్చేశాను. మర్నాడు పెట్టె తగిలిస్తే దాని దీపం వెలిగింది గాని కంప్యూటరు వులకలేదు, పలకలేదు. బజారులో ఒక కుర్రవాడికి చూపిస్తే, "పాతదైపోయింది సార్, పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. "దీపం వెలుగుతూంటే చచ్చిందంటాడేమిటండీ? కుళాయిలో నీళ్లు రాకపోతే యెక్కడ ఆగాయో చూస్తాంగాని కుళాయి పీకి పారేస్తామా?" అన్నది.

ఆ మాట పట్టుకుని మొదటినుంచీ చూడటం మొదలుపెట్టాను.

మొదటిది తీగ. మామూలు యు.ఎస్.బి. తీగలో నాలుగు పోగులుంటాయి. రెండు కరెంటుకు, రెండు కబుర్లకు. కబుర్ల పోగు తెగినా దీపం వెలుగుతూనే వుంటుంది. కనుక దీపాన్ని నమ్మరాదు. వేరే తీగ వేసి, మధ్యలో యే చీలిక పెట్టెలూ లేకుండా నేరుగా కంప్యూటరుకే తగిలించాను. ఫలితం లేదు.

రెండవది, కంప్యూటరు దాన్ని గుర్తుపట్టిందా లేదా అన్నది. స్టార్టు బొమ్మమీద మౌసు కుడి మీట నొక్కితే డివైస్ మేనేజర్ అనే జాబితా దొరుకుతుంది. అందులో మా పెట్టె పేరు, పక్కనే పసుపుపచ్చ త్రికోణంలో ఆశ్చర్యార్థకం! అంటే అతిథి గుమ్మంలోకి వచ్చాడు, అతని భాష తెలిసినవాడే యింట్లో లేడన్నమాట.

కంప్యూటరువాళ్లు డ్రైవరు అనేది ఆ భాష తెలిసినవాణ్ణే. బండి తోలేవాడు కాదు, దుబాసీ. ధ్వని పరికరాలన్నిటికీ ఒక ఉమ్మడి భాష 1998లోనే యేర్పడింది. దాని రెండవ రూపం 2006లో వచ్చింది. విండోస్‌కు అది 2017నుంచి సొంతంగా తెలుసు. ఉమ్మడి భాష మాట్లాడే పరికరానికి వేరే దుబాసీ అక్కరలేదు. సొంత యాస మాట్లాడే పరికరానికి తయారీదారే దుబాసీని పంపాలి. మా పెట్టెవాళ్లు కొత్తవాణ్ణి పంపలేదు. పాతవాణ్ణేమో కొత్త విండోస్‌లోని కాపలాదారు లోపలికి రానివ్వలేదు. ఈ కాపలాకు మెమరీ ఇంటిగ్రిటీ అని పేరు. దాన్ని ఆపేసే వీలున్నది గాని, ఒక చుట్టంకోసం రాత్రంతా వీధి తలుపు తీసివుంచడం వంటి పని అది. నేను ఆపలేదు.

దిగాలుపడి కూర్చున్నాను. మా ఆవిడ పెట్టెను వెనక్కి తిప్పి సెల్‌ఫోను దీపంతో చూస్తూ, "ఈ బుల్లి మీట యేమిటండీ?" అన్నది. పదిహేనేళ్లుగా నేను చూడనేలేదు! ఆ మీట పైకుంటే సొంత యాస, కిందికుంటే ఉమ్మడి భాష. కిందికి దించి, తీగ వూడదీసి మళ్లీ పెట్టాను. పసుపు త్రికోణం మాయమైంది. అన్ని పెట్టెలకూ యిటువంటి మీట వుండదు. వున్నదేమో చూసుకోవడానికి మాత్రం కానీ ఖర్చు లేదు.

ఆనందంతో నాలుగవ కాసెట్టు పెట్టబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకున్నది. "పరీక్షకు అమ్మ టేపెందుకు? తెగితే మళ్లీ వస్తుందా?" అన్నది. సినిమా పాటల కాసెట్టు పెట్టాం. తీరా వింటే అందులో పాట లేదు, మా వంటింటి కుక్కరు వేసిన మూడు కూతలున్నాయి! కంప్యూటరు పెట్టెను వదిలేసి తన సొంత మైకునే వింటోందన్నమాట. సౌండు సెట్టింగులలో 'ఇన్‌పుట్' దగ్గర పెట్టె పేరు యెంచితే సరిపోయింది. ఏ ధ్వనీ రాకపోతే ప్రైవసీ సెట్టింగులలో మైకు అనుమతి కూడా చూడాలి. ఈ పెట్టెను కూడా విండోస్ మైకుగానే లెక్కగడుతుంది.

అప్పగింతల పాట యెక్కించి అక్కయ్యకు పంపాను. అరగంటలో ఫోను. "ఇది అమ్మ గొంతు కాదురా. అమ్మ యింత హెచ్చు శ్రుతిలో యెప్పుడు పాడింది?"

చెవులు మందగించాయనుకున్న మనిషి పట్టేసింది! ధ్వనిని సెకనుకు యిన్ని ముక్కలని కోసి దాస్తారు. 44,100 ముక్కలుగా కోసినదాన్ని 48,000 అనుకుని వాయిస్తే పాట దాదాపు తొమ్మిది పాళ్లు వేగం పుంజుకుంటుంది, శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్లు పైకి పోతుంది. విండోస్ సెట్టింగులలో ఒక అంకె, రికార్డు చేసే ప్రోగ్రాములో మరొకటి వున్నాయి. రెండుచోట్లా 44,100 పెట్టి మళ్లీ యెక్కించాను.

మీ యింట్లో యిటువంటి పరికరం వుంటే, విండోస్ మార్చకముందే కొత్తదానికి పనికివచ్చే దుబాసీ వున్నాడో లేడో తయారీదారు పేజీలో చూసుకోండి. చేతిలోని పని ముగించి మరీ మార్చండి. ఆ రెండూ చేయకనే నాకు వారం రోజులు నిద్ర లేకపోయింది.

రెండవసారి పంపిన పాట విని అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమోననుకున్నాను. చివరికి, "పాట అయ్యాక అమ్మ దగ్గిందిరా. దాన్ని కోసెయ్యకు" అన్నది.

కొయ్యలేదు. పెళ్లిలో ఆ దగ్గుతో సహా వినిపించాం.