చెక్ ఇంజన్ లైటు వెలిగి కారు పికప్ పోతే: ముందు కోడ్, తర్వాతే పార్టు

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న కారు సంగతి ఇక్కడ వరుసగా రాసి పెడుతున్నాను. డ్రైవింగ్‌లో విన్నవాళ్లు కోడ్ నంబర్లు రాసుకోలేకపోయామన్నారు, వాళ్ల కోసం.

మన అరోరాలో కారు లేకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు. రూట్ 59 స్టేషన్‌లో మెట్రా రైలు ఉంది సరే, ఆ స్టేషన్ దాకా వెళ్లాలన్నా కారు కావాలి. వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టుకైనా, ఐ-88 మీద క్లయింట్ ఆఫీసుకైనా అంతే. అందుకే పసుపు లైటు వెలగ్గానే గుండె గుభేల్‌మంటుంది. ఆ కంగారులోనే డబ్బు పోతుంది.

మొదట లైటు ఎలా వెలిగిందో చూడండి. నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే అదే రోజు టో ట్రక్ పిలవక్కర్లేదు. మిణుకుమిణుకుమంటూ ఇంజన్ వణుకుతుంటే మాత్రం మిస్‌ఫైర్. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. యాక్సిలరేటర్ వదిలి, ఎగ్జిట్ తీసుకుని, బండి ఆపేయండి. ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వేరే కథ. అవి వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ కట్టేయాలి.

రెండోది, కోడ్. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారులో స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు ఉంటుంది, 16 పిన్నులది. ఆటోజోన్ లాంటి పార్టుల షాపుల్లో ఉచితంగా చదివి పెడతారు. ఇరవై ముప్పై డాలర్లు పెడితే ఫోన్‌కి కలిసే స్కానర్ మీకే వస్తుంది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఫొటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో స్పీడు ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ ఎంత వేడిగా ఉంది అన్నీ అందులో ఉంటాయి.

ఇక్కడే అసలు మాట. కోడ్ చెప్పేది జబ్బు లక్షణం. ఏ పార్టు పోయిందో అది చెప్పదు. జ్వరం వచ్చిందంటే మలేరియా అని కాదు కదా!

పి0171 అంటే ఇంజన్‌లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. ఎక్కడో గొట్టం చిట్లి ఉండొచ్చు, గాలి కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంప్ నీరసపడి ఉండొచ్చు. పి0420 అంటే కన్వర్టర్ సరిగ్గా పని చేయట్లేదని కంప్యూటర్ అనుమానం. పి0455 అంటే పెట్రోలు ఆవిరి లీకు, చాలాసార్లు ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోవడమే. కానీ మూత వదులైతే పికప్ పోదు. లైటుతో పాటు బండి లాగడం కూడా మానేసిందంటే మూత బిగించి ఊరుకోకండి.

ఒక శ్రోత సంగతి చెబుతాను. ఓపీటీ మీద ఉన్న తమ్ముడు, లక్షా ముప్పై వేల మైళ్లు తిరిగిన సెడాన్. హైవే ఎక్కితే లాగట్లేదు, సిగ్నల్ దగ్గర వణుకుతోంది. ఒక షాపులో రెండు కోడ్‌లు చూసి, పి0302, పి0420, కన్వర్టర్ మార్చాలి పద్దెనిమిది వందల డాలర్లన్నారట. "అన్నా, కార్డు మీద పెట్టేయనా?" అని ఫోన్. శనివారం సల్లివన్ రోడ్డు బాలాజీ గుడి పార్కింగ్‌లో కలిశాం. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఇంజన్ చల్లారాక రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను మూడోదాంట్లో, మూడోదాన్ని రెండోదాంట్లో పెట్టాం. కోడ్ చెరిపి ఒక రౌండు తిప్పితే పి0303 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటే కదిలింది కాబట్టి కాయిలే దొంగ. కొత్త కాయిల్, నాలుగు స్పార్క్ ప్లగ్‌లు, నూట ఇరవై డాలర్ల లోపు. మిస్‌ఫైర్ పోయాక పి0420 కూడా తిరిగి రాలేదు. ఎప్పుడూ ఇలాగే అవుతుందని కాదు. చాలాకాలం మిస్‌ఫైర్‌తో తిప్పితే కన్వర్టర్ నిజంగానే పోతుంది. కానీ వరుస ఇదే: ముందు మిస్‌ఫైర్, తర్వాతే కన్వర్టర్.

పికప్ ఎప్పుడు పోతుందో గమనిస్తే సగం తేలిపోతుంది. నిలబడినప్పుడే వణికితే గాలి లీకు, స్పార్క్ రెండూ చూడండి. స్పీడు పెరిగేకొద్దీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు ఉంటే పెట్రోలు అందట్లేదు, లేదా కన్వర్టర్ మూసుకుపోయి పొగ బయటికి పోవట్లేదు. ఎంత తొక్కినా ఒక స్పీడు దాటకపోతే కంప్యూటరే ఇంజన్‌ను కాపాడడానికి లింప్ మోడ్‌లో పెట్టి ఉండొచ్చు. జనవరి చలిలో ఒకేసారి అయిదారు కోడ్‌లు వస్తే ముందు బ్యాటరీ చెక్ చేయించండి.

కోడ్ చెరిపేస్తే పోతుందిగా అంటారు కొందరు. ఇల్లినాయిలో అది పని చేయదు. చికాగో చుట్టుపక్కల జిప్ కోడ్‌లలో నాలుగేళ్లు దాటిన కార్లకు ఎమిషన్ టెస్టు ఉంటుంది, సరి సంవత్సరం మోడల్‌కు సరి సంవత్సరంలో, బేసికి బేసిలో. టెస్టు ఉచితం, కానీ లైటు వెలుగుతుంటే ఫెయిల్. పాస్ కాకపోతే నంబర్ ప్లేటు రెన్యువల్ ఆగుతుంది. చెరిపేసి వెంటనే వెళ్తే కారు సొంత పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని మిషన్ పట్టేస్తుంది. రిపేరయ్యాక కొన్ని రోజులు సిటీలోనూ హైవే మీదా తిప్పి వెళ్లండి.

షాపుకి వెళ్లేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. "ఈ పార్టే పోయిందని ఏ టెస్టు చేసి తేల్చారు?" అని అడగండి. ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. పాత పార్టు చూపించమనండి. ఇంకొకటి: కారు ఎనిమిదేళ్ల లోపు, 80,000 మైళ్ల లోపు ఉంటే కన్వర్టర్‌కీ ఇంజన్ కంప్యూటర్‌కీ ఫెడరల్ ఎమిషన్ వారంటీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా సరే. ముందు డీలర్‌కి ఫోన్ చేయండి.

మీ బండికి కోడ్ వచ్చి ఉంటే నంబరు, మోడల్, ఏ స్పీడులో వచ్చిందో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్నింటిని తీసుకుని మాట్లాడుకుందాం.