కొఱ్ఱమట్ట సంసారము

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేపలు తినుట మన తెలంగాణమున చిరకాలముగా వచ్చుచున్న యాచారము. నేనును ఏటేట ఆనాడు కొఱ్ఱమట్టను తెప్పించి, కోయునపుడు కడుపున గ్రుడ్లు కనబడినచో పిల్లలకు ప్రియమని సంతసించుచుంటిని. నిరుడు ఆ సంతోషము నాకు మిగులలేదు.

కారణ మిది. మావారియొద్ద చదివిన బాలిక యొకతె యిపుడు కాకతీయ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదువుచు, పాకాల చెఱువున మత్స్యపరిశీలనము చేయుచున్నది. వరంగల్లునకు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరమున, గణపతిదేవుని కాలమున, క్రీ. శ. 1213 ప్రాంతమున కట్టబడిన చెఱువది. చుట్టును అభయారణ్యము. ఆమె వేకువనే జాలరులతో గూడి యొడ్డు చేరి, వలలోబడిన చేపల పొడవు కొలుచును, తూచును, అవి తిన్న యాహారమేదో, గ్రుడ్లెంత పక్వమైనవో చూచి వ్రాసికొనును. నీటి వేడిమిని, అందు కరగిన ప్రాణవాయువును గూడ పరీక్షించును.

"ఇంత శ్రమ యేల తల్లీ?" అని యడిగితిని.

"ఏ చేప యే మాసమున నెచ్చట గ్రుడ్లు పెట్టునో తెలియనిదే దానిని కాపాడు టెట్లమ్మగారూ?" అనెను.

తెలంగాణ రాష్ట్రమత్స్యమైన కొఱ్ఱమట్ట సంసారమును గూర్చి పిమ్మట చెప్పెను. వానకాలమున ఆలుమగలు రెండును ఒడ్డుచెంత నాచు తొలగించి తావు చేసికొనును. పిల్లలైన వెనుకను వాని నెడబాయవు. ఎఱ్ఱని పిల్లలగుంపు గాలికై పైకి వచ్చునపుడు క్రింద కాచియుండును. ఈ వాత్సల్యమే వానికి మృత్యువగుచున్నది. పిల్లలున్నచోట పెద్దచేప యుండునని యెఱిగినవారు అచ్చటనే గాలము వేయుదురు. పెద్దచేపలకు వెఱచి రాజుదోసిట శరణు వేడిన చిన్నిమీనము కథ భాగవతమున వింటిమి. ఇచ్చట పెద్దచేపయే శరణము. అది పోయిన పిల్లలు ఇతర జలచరముల పాలగును.

తూర్పుసముద్రమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు 61 దినములు యంత్రపుపడవల వేట నిషిద్ధము. ఆ విరామము ముగియునప్పటికే మన చెఱువులలో గ్రుడ్లు పెట్టుకాలము మొదలగును. మృగశిరయు నప్పుడే వచ్చును. కావున వానల నెలలలో కడుపుబ్బిన కొఱ్ఱమట్టను, వ్రేలెడు పిల్లచేపను కొనకుందము. బొచ్చె, రవ్వ లున్నవి గదా! అవి నిలువనీట సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. ఏటేట పిల్లలను విడిచి పెంచుదురు. వానిని కొన్నచో వంటకును లోటులేదు, జాలరులకును నష్టములేదు.

ఈ మాట మా వీధిలో చేపలమ్ము నామెతో చెప్పితిని. "మీరు కొనకుంటె ఇంకొకరు కొంటరమ్మా" అని నవ్వెను. ఆమె మాట నిజమే. నే నొక్కతెను మానిన చాలదు గనుకనే మీకు వ్రాయుచున్నాను.