వాల్వు జబ్బు ఉన్నవారు ఎండోస్కోపీకి భయపడాలా?

"సిస్టర్, నాకు గుండెలో వాల్వు మార్చినారు. కడుపులోకి గొట్టం వేస్తే వాల్వుకు చీము పడుతుందంట గదా?" ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రోగులు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు. ఈ భయంతో, మలం నల్లగా పోతున్నా పరీక్ష వాయిదా వేసుకొనేవారున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

వాల్వుకు ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది?

చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చే కీళ్ళవాత జ్వరం వల్ల గుండె వాల్వులు దెబ్బతింటాయి. నోటిలోని, పేగులలోని క్రిములు రక్తంలో చేరితే, దెబ్బతిన్న వాల్వుకు గానీ కృత్రిమ వాల్వుకు గానీ అంటుకొని పెరగవచ్చు. ఇదే ఎండోకార్డైటిస్. ఇది ప్రాణాపాయకరమైన జబ్బు. సాధారణంగా 4 నుండి 6 వారాలు నరానికి మందులు ఎక్కించాలి. కొందరికి ఆపరేషన్ కూడా అవసరమవుతుంది.

ఎండోస్కోపీ వల్ల వస్తుందా?

చాలా అరుదు. పూర్వం వాల్వు జబ్బు ఉన్నవారికి పరీక్షకు ముందు యాంటిబయాటిక్ ఇచ్చేవారు. వాల్వు రక్షణ కోసమని మాత్రమే కడుపు, పేగులు, మూత్రనాళ పరీక్షలకు ముందు ఆ మందు అవసరం లేదని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది. పళ్ళు తోముకొన్నప్పుడు, అన్నం నమిలినప్పుడు కూడా కొద్దిపాటి క్రిములు రక్తంలోకి పోతుంటాయి. ఒక్కసారి చేసే పరీక్ష కన్నా రోజూ ఉండే చిగుళ్ళ జబ్బే ఎక్కువ ప్రమాదం. అయితే మూత్రంలో గానీ పిత్తనాళంలో గానీ ముందే ఇన్ఫెక్షన్ ఉంటే మందు విషయం డాక్టరు నిర్ణయిస్తారు.

మీరు పాటించవలసినవి

1. వాల్వు జబ్బు, ఆపరేషన్ సంగతి ముందే చెప్పి పాత కాగితాలు చూపించండి.

2. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలను సొంతంగా ఆపవద్దు.

3. కీళ్ళవాత జ్వరం మళ్ళీ రాకుండా వేసే పెన్సిలిన్ సూదిని మానవద్దు.

4. రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోండి. కృత్రిమ వాల్వు ఉన్నవారికి, ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవారికి పన్ను తీయించుకొనే ముందు యాంటిబయాటిక్ అవసరం.

5. రెండు మూడు రోజులైనా జ్వరం తగ్గకపోయినా, చలి, చెమటలు, ఆయాసం ఉన్నా ఊళ్ళో సూది వేయించుకొని చూద్దామనుకోవద్దు. యాంటిబయాటిక్ ముందే పడితే రక్త పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు. ముందు రక్తం కల్చర్‌కు ఇచ్చి, తరువాతే మందు మొదలుపెట్టాలి.

గొట్టానికి భయపడి పరీక్ష మానుకోకండి. జ్వరాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి.