కింగ్ ఎవరి మనిషి?

అమెరికా నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1968లో హత్యకు గురయ్యే నాటికి ఆ దేశంలో అధికసంఖ్యాకులకు ఆయనపై సదభిప్రాయం లేదు. ఆయన వారసత్వానికి పోటీ మొదలైంది తర్వాతే. ఆయన పేరిట జాతీయ సెలవును నెలకొల్పే చట్టంపై 1983లో సంతకం చేసిన అధ్యక్షుడు రీగన్ సైతం మొదట అందుకు సుముఖంగా లేరు.

వివాదమంతా 1963 నాటి వాషింగ్టన్ ప్రసంగంలోని ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. మనిషిని రంగును బట్టి కాక శీలాన్ని బట్టి అంచనా వేయాలన్న ఆ మాటను పట్టుకుని, విద్య, ఉద్యోగాల్లో అణగారిన వర్గాలకు ప్రత్యేక అవకాశమిచ్చే 'అఫర్మేటివ్ యాక్షన్' విధానాన్ని కింగ్ వ్యతిరేకించేవారని మితవాదులు వాదిస్తారు; 1996లో కాలిఫోర్నియా ప్రభుత్వ రంగంలో ఆ విధానాన్ని రద్దు చేసిన 209వ ప్రతిపాదన ప్రచారంలోనూ ఇదే వినిపించింది. అయితే శతాబ్దాల అన్యాయానికి పరిహారంగా ప్రత్యేక కార్యక్రమాలు కావాలని కింగ్ 1964లో వెలువడిన తన పుస్తకంలోనే కోరారు కనుక ఆ వాదన నిలవదు. ఉదారవాదులు మాత్రం తక్కువ తిన్నారా? 1967లో వియత్నాం యుద్ధాన్ని తీవ్రంగా ఖండించి, ఆపై అన్ని జాతుల పేదలతో రాజధానికి ఉద్యమం తలపెట్టిన కింగ్‌ను వారూ తరచు మరుగున ఉంచుతారు.

2010లో ఆ ప్రసంగ వార్షికోత్సవం నాడే మితవాద వ్యాఖ్యాత గ్లెన్ బెక్ లింకన్ స్మారకం వద్ద సభ జరపగా, నల్లజాతి నాయకుడు అల్ షార్ప్‌టన్ అదే నగరంలో పోటీ ప్రదర్శన నడిపారు. ఇంతా చేసి ప్రసంగం కాపీరైటు మాత్రం కింగ్ వారసుల చేతిలో ఉంది.