బ్యాటరీ మార్చే ముందు డైనమో సంగతి చూడండి

ఎలమంచిలి సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదివి బయటికి వెళ్ళిన మా వాళ్ళలో ఉద్యోగాలు చేస్తున్నవారు ఉన్నారు, వ్యవసాయంలో ఉన్నవారు ఉన్నారు. స్టీరింగు పట్టుకున్నవారు కూడా తక్కువేమీ కాదు. అచ్యుతాపురం సెజ్ కంపెనీలకు షిఫ్టు కార్లు నడిపేవారు, అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు వ్యాన్లు తిప్పేవారు ఎంతోమంది. ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకున్నది మాత్రం మేము కొద్దిమందిమి. మా దగ్గరకు బండి తెచ్చిన డ్రైవరు మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "సెల్ఫ్ తీసుకోవడం లేదన్నా, బ్యాటరీ పోయింది, కొత్తది వేసెయ్."

నాలుగైదు వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేస్తే ఆ పూట బండి బాగానే తిరుగుతుంది. చాలాసార్లు రోగం బ్యాటరీలో ఉండదు, దానికి తిండి పెట్టే ఆల్టర్నేటరులో ఉంటుంది. దాన్నే మన వైపు ఇప్పటికీ డైనమో అంటారు. చార్జింగ్ లేని బండికి కొత్త బ్యాటరీ వేయడం అంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

లెక్క వేసి చూడండి. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్ ఉంటుంది. రాత్రిపూట హెడ్‌లైట్లకు సుమారు 10 ఆంపియర్లు, ఇంజను కంప్యూటరు, పెట్రోలు పంపు, వెనక లైట్లు, వర్షం పడితే వైపరు, అన్నీ కలిపి 20 ఆంపియర్ల దాకా లాగుతాయి. చార్జింగ్ లేకపోతే ఆ బ్యాటరీ గంట, గంటంబావు మోస్తుంది. ఎలమంచిలి నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఏమీ తెలియదు, తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద లైట్లు ఎర్రబడి బండి ఆగిపోతుంది. వెనక లారీలు వస్తుంటే లైట్లు లేని బండిలో కూర్చోవడం ఎలాంటిదో రాత్రి షిఫ్టు చేసినవారిని అడగండి.

ఈ డైనమో లోపల జరిగేది పదో తరగతి వారికి కొత్త కాదు. అయస్కాంత క్షేత్రం మారితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. ఇంజను పుల్లీ నుంచి బెల్టు ద్వారా రోటరు తిరుగుతుంది. అది విద్యుదయస్కాంతం. దానికి కావలసిన కొద్దిపాటి కరెంటు రెండు కార్బన్ బ్రష్‌ల ద్వారా వెళుతుంది. చుట్టూ ఉన్న స్టేటరు చుట్టల్లో ఏసీ పుడితే డయోడ్లు దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతాయి. వోల్టేజి హద్దు దాటకుండా చూసేది రెగ్యులేటరు. రైలు కూడా ఇదే చేసేది. ఐసీఎఫ్ రకం పెట్టెల్లో ఇరుసు నుంచి బెల్టులు వేసి, పెట్టె కింద ఆల్టర్నేటరు తిప్పి, 110 వోల్టులతో లైట్లు, ఫ్యాన్లు నడిపేవారు.

ఇక పరీక్ష. మూడు నాలుగు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద ఆనించండి. రాత్రంతా ఆపి ఉంచిన బండికి 12.6 ఉంటే నిండు చార్జి, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువైతే దిగిపోయినట్టే. 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 9.6 కంటే కిందకు పడిపోతుంటే అప్పుడు బ్యాటరీనే అనుమానించవచ్చు.

బండి స్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసి కాస్త రేజ్ చేసినా 13.5 దగ్గర నిలబడాలి. ఇంజను నడుస్తున్నా 12.4, 12.3, 12.2 అని దిగుతూ ఉంటే చార్జింగ్ లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టు. బ్యాటరీలో నీళ్ళు మరిగిపోతాయి, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, బల్బులు మాటిమాటికీ మాడిపోతాయి. కొత్త కార్లలో చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గించి పెంచుతుంది కాబట్టి ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకండి. లోడు వేసి, కాసేపు నడిపి చూడండి.

చార్జింగ్ లేదని తేలినా డైనమో విప్పే పని ఇంకా లేదు. ముందు బెల్టు చూడాలి. వదులుగా ఉన్నా, లోపలివైపు అద్దంలా నున్నబడినా జారుతుంది. లైట్లు వేయగానే కీచుమంటుంది. తరువాత టెర్మినళ్ళు. సముద్రం దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఉప్పుగాలికి వైర్ల కొసలు, ఎర్త్ బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో బూజులాంటిది పట్టి ఉంటే, ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడగాలి. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

పైకి బాగున్న వైరు లోపల పాడై ఉండవచ్చు. దానికి ఒక మంచి ఉపాయం ఉంది. బండి నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక వైరు డైనమో మీది పెద్ద బోల్టుకు, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టండి. 0.2, 0.3 దాటితే ఆ దారిలో ఎక్కడో కనెక్షన్ పాడైంది. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూస్తే ఎర్త్ సంగతి తెలుస్తుంది. ఎర్త్ వైరు ఒక్కటి మార్చితే లేచిన బళ్ళు మా షెడ్లలో బోలెడు.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ గుర్తును కూడా గమనించాలి. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను లేవగానే ఆరిపోవాలి. చాలా పాత మోడళ్ళలో రోటరుకు మొదటి కరెంటు ఆ బల్బు ద్వారానే వెళుతుంది. బల్బు మాడితే డైనమో బాగున్నా మేలుకోకపోవచ్చు! ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు విప్పండి. చాలావరకు అరిగిన బ్రష్‌లే కనిపిస్తాయి. ఖర్చు కొద్ది వందలు. డయోడ్ల అనుమానం ఉంటే విప్పకముందే, బండి నడుస్తుండగా మీటరును ఏసీకి మార్చి బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే డయోడు పోయినట్టే.

బండి నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. పాత డీజిలు బళ్ళకు చెల్లిందేమో గాని, ఇప్పటి బళ్ళకు అది చాలా ప్రమాదం. బ్యాటరీ తప్పగానే వోల్టేజి ఒక్కసారి పదుల వోల్టులకు ఎగిరి డయోడ్లు, కంప్యూటరు కాలిపోవచ్చు. పైగా చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ పరీక్ష ఎవరు చేయమన్నా చేయకండి.

మెడలో తువ్వాలు, చేతికి స్టీలు కడియం తీసేసి పనిలో దిగండి. బెల్టు దేన్నీ వదిలిపెట్టదు.

చార్జింగ్ బాగుండి, తెల్లారేసరికి మాత్రం బ్యాటరీ దిగిపోతుంటే రాత్రి ఎవరో కరెంటు తాగుతున్నారు. తాళం తీసి, తలుపులు వేసి అరగంట ఆగి, నెగటివ్ వైరు విప్పి మధ్యలో మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. అప్పుడు సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు. 50 మిల్లీఆంపియర్లకు మించి చూపిస్తే ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ పొండి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్‌తోనే మొదలుపెట్టండి, సగంసార్లు అక్కడే దొరుకుతాడు.