‘ఫుల్ ఆఫ్ బీన్స్’ అంటే ఫిర్యాదు కాదు



డైరీలోనో ప్రోగ్రెస్ కార్డులోనో క్లాస్ టీచర్ ఒక్కోసారి ‘షీ ఈజ్ ఫుల్ ఆఫ్ బీన్స్’ అని రాస్తారు. అది చదివి కంగారుపడే వాళ్లున్నారు. పాప లంచ్ బాక్సులో బీన్స్ కూర తప్ప ఇంకేమీ తినడం లేదనా? క్లాసులో అల్లరి ఎక్కువైందని మెత్తగా చెబుతున్నారా? రెండూ కావు. మీ పాప మంచి హుషారుగా, చలాకీగా ఉంటోందని ఆ మాటకు అర్థం. కాబట్టి డైరీ చూసి పాపను మందలించే ముందు కాస్త ఆగండి.

ఈ బీన్స్ మనం వేపుడు చేసుకునే బీన్స్ కావు. ఇంగ్లండులో గుర్రాలకు దాణాగా పెట్టే ఒక రకం చిక్కుడు గింజలు. అవి కడుపునిండా తిన్న గుర్రం ఒకచోట నిలవదు, చిందులు తొక్కుతుంది. ఆ పోలికే మనుషులకూ వచ్చిందని చెబుతారు. 19వ శతాబ్దంలో గుర్రాలు, వేట గురించి నవలలు రాసిన సర్టీస్ ‘హ్యాండ్లీ క్రాస్’లో ఈ మాట వాడారు. మనకిదేమీ వింత కాదు. మన దగ్గర గుర్రాలకు ఉలవలు పెట్టేవారు. ఇంగ్లిష్‌లో ఉలవలకు హార్స్ గ్రామ్ అనే పేరు అందుకే వచ్చింది. ఉలవచారు ఇష్టపడే ఇళ్లలో ఈ పోలిక ఇంకా తేలిగ్గా అర్థం కావాలి!

పిల్లలు తడబడేది వాడుకలో. సంతోషం అనగానే ఈ మాట పెట్టేస్తారు. ‘ఫస్ట్ ర్యాంక్ వచ్చింది, ఐ యామ్ ఫుల్ ఆఫ్ బీన్స్’ అంటే అతకదు. ర్యాంకు వచ్చిన ఆనందానికి ‘ఓవర్ ద మూన్’ అనాలి. ‘ఫుల్ ఆఫ్ బీన్స్’ ఒంట్లో ఉరకలేసే హుషారుకు సంబంధించినది. జ్వరం తగ్గిన మర్నాడే మంచం మీద నుంచి దూకే బాబుకూ, తెల్లారకముందే వాకింగ్‌కు తయారయ్యే తాతగారికీ, ఇల్లంతా పరుగులు పెట్టే కుక్కపిల్లకూ చక్కగా సరిపోతుంది. ఇది కబుర్లలో వాడే మాట. పరీక్షలో కథ రాస్తూ సంభాషణలో వాడుకోవచ్చు గానీ, ప్రిన్సిపాల్‌కు రాసే సెలవు చీటీలో వద్దు.

ఒకవేళ టీచర్ ‘ఫుల్ ఆఫ్ బీన్స్, బట్...’ అని రాస్తే మాత్రం ఆ ‘బట్’ తర్వాత ఏముందో చదవండి. హుషారు ఎక్కువై కుదురుగా కూర్చోవడం లేదని అక్కడ ఉండొచ్చు. అప్పుడు కూడా పిల్లల్ని నిలదీయకండి. పేరెంట్స్ మీటింగులో టీచర్‌నే అడగండి.

అమెరికాలో మీవాళ్లుంటే ఇంకో సంగతి. అక్కడ ‘యూ ఆర్ ఫుల్ ఆఫ్ బీన్స్’ అంటే ‘నువ్వు చెప్పేదంతా ఉత్తదే’ అనే అర్థం కూడా ఉంది. అక్కడ పుట్టి పెరిగిన బావ వీడియో కాల్‌లో నవ్వుతూ ఆ మాట అంటే, మెచ్చుకున్నాడని మురిసిపోవద్దని మీవాడికి ముందే చెప్పి ఉంచండి.