కొత్త బియ్యము, కొత్త బెల్లము: సంక్రాంతి పిండివంటలు ఎవరికి పథ్యము?

2016లో జిల్లాల విభజన జరుగక పూర్వము నల్లగొండ, మహబూబ్‌నగర్ అని పిలువబడిన మెట్ట ప్రాంతములో, వానాకాలపు వరి కోతలు ముగిసి కొత్త బియ్యము ఇంటికి చేరిన తరువాతనే సంక్రాంతి వచ్చును. అప్పటికి కొత్త బెల్లము, కొత్త నువ్వులు కూడ అంగడికి వచ్చి యుండును. సకినాలు, అరిసెలు, గరిజెలు, నువ్వుల ముద్దలు ఈ పంట నుండి పుట్టినవే. ఈనాడు ప్రతి ఇంటను మధుమేహము గలవారు ఒకరైనను ఉండుటచే, పిండివంటల డబ్బా తెరచినప్పుడెల్ల “నేను తినవచ్చునా?” అను ప్రశ్న వచ్చుచున్నది. దీనికి అందరికిని ఒకే సమాధానము చెప్పుట శాస్త్రసమ్మతము కాదు.

వాగ్భటాచార్యులు అష్టాంగ హృదయములో ఋతుచర్యను వివరించుచు, హేమంత ఋతువులో బయటి చలి వలన శరీరములోని వేడి లోపలనే నిలిచి జఠరాగ్ని ప్రబలమగునని చెప్పియున్నారు. ఆ అగ్నికి తగిన ఆహారము లభింపని యెడల అది ధాతువులనే దహించును. కనుకనే గోధుమపిండి, మినుములు, చెరకు రసముతోను పాలతోను చేసిన పదార్థములు, నూనె, కొత్త ధాన్యపు అన్నము ఆ ఋతువులో హితమని విధించిరి. మిగిలిన కాలములలో కొత్త బియ్యము గురువు, కఫకరము. ఏడాది నిలువయున్న బియ్యము లఘువు. మార్గశిర, పుష్య మాసములు హేమంతము, మాఘ ఫాల్గుణములు శిశిరము. సంక్రాంతి పుష్యమాసపు పండుగ గనుక, మన పెద్దలు పెట్టిన వంటలకును ఋతుచర్యకును పొత్తు చక్కగా కుదిరినది.

ఇక రెండవ మాట. చరక సంహితలో ప్రమేహ చికిత్సాధ్యాయమున ఆ వ్యాధికి కారణములను చెప్పుచు, సుఖముగా కూర్చుండుట, అధిక నిద్ర, పెరుగు, పాలు మొదలగు వాటితోపాటు కొత్త ధాన్యమును, బెల్లముతో చేసిన పదార్థములను కూడ చేర్చిరి. అరిసె యనగా కొత్త బియ్యపు పిండి, బెల్లపు పాకము; అంతకు మించి మరేమి? ఒక గ్రంథము హితమన్న దానినే మరియొకటి వ్యాధికారణమన్నదని తొందరపడరాదు. మొదటి విధి బలమైన అగ్ని, తగిన శ్రమ గలవానికి. రెండవది కదలక కూర్చుండువానికి. తట్టలు మోసి, మట్టి పనికి దూరదేశములకు పోయి, పండుగకు ఊరు చేరిన పాలమూరు కూలీ నాలుగు అరిసెలు తిన్నను అరిగించుకొనెడివాడు. అతని మనుమడు నేడు హైదరాబాదులో కుర్చీలో కూర్చుండి అవే నాలుగు తినుచున్నాడు. వంట మారలేదు, తినువాడు మారినాడు.

సకినాల విషయములో ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. వీటిలో తీపి లేదు గనుక షుగరు వ్యాధి గలవారు ఎన్నియైనను తినవచ్చునని పలువురు తలచుచున్నారు. సకినములో ఉన్నది బియ్యపు పిండి. బియ్యపు పిండిలో మూడు వంతులకు పైగా పిండి పదార్థమే. అది కడుపులో చక్కెరగానే మారును. పైగా నూనె. ఒకటి, మహా అయిన రెండు. అదియు ఆ పూట అన్నము తగ్గించి తినవలెను.

అయినను సకినాలు చేయు పద్ధతిలో ఎంత వివేకమున్నదో గమనింపుడు. బియ్యమును రాత్రి నానబెట్టి, నీరు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లించిన పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలుపుదురు. వాడకట్టులోని ఆడవారందరు చేరి, మొదట పిండితో గౌరమ్మను చేసి పెట్టి, శుభ్రమైన బట్టపై వ్రేళ్ళతో మూడు నాలుగు చుట్లు త్రిప్పుదురు. బట్ట తడిని పీల్చును. కొంత ఆరిన పిమ్మటనే నూనెలో వేయుదురు. లోపలి తేమ పోవుట వలననే అవి వారముల తరబడి చెడక నిలుచును. నువ్వులు ఉష్ణము, స్నిగ్ధము, బలకరము. నల్ల నువ్వులు శ్రేష్ఠము, తెల్లనివి మధ్యమమని భావప్రకాశము. ఓమ, అనగా వాము, దీపనము, పాచనము. పిండి బరువును, వాతమును సరిచేయును. ఓమ వేయని సకినాలు రుచికే కాదు, కడుపునకును లోటే.

వేయించిన పల్లినూనెను మరల మరల కాచుట మాత్రము పెద్ద దోషము. నల్లబడి, చిక్కబడి, పొగ వచ్చు నూనెను మరునాటి అరిసెలకు వాడుట పొదుపు కాదు.

అరిసెలకు వీలైనంతవరకు పాత బెల్లము వాడవలెను. కొత్త బెల్లము కఫమును పెంచి అగ్నిని మందగింపజేయునని, పాత బెల్లము హృద్యము, పథ్యమని గ్రంథములు చెప్పుచున్నవి. నూనె నుండి తీసిన వెంటనే రెండు గరిటెల నడుమ గట్టిగా ఒత్తి నూనె కార్చుట మరువరాదు. “బెల్లమే కదా, చక్కెర కాదు” అను మాటను మాత్రము మధుమేహ రోగి నమ్మరాదు. వంద గ్రాముల పంచదారలో 400 కెలొరీలున్నచో బెల్లములో సుమారు 380. రక్తములో చక్కెరను పెంచుటలో రెంటికిని పెద్ద భేదము లేదు.

మరి వ్యాధిగ్రస్తునకు పండుగ లేదా? ఉన్నది. పాలమూరు పడమటి వైపున, కర్ణాటక సరిహద్దు గ్రామములలో, భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె చేయుదురు. సరిహద్దునకు ఆవలను ఇదే ఆచారము. సజ్జలు రూక్షము, ఉష్ణము. ఆ రూక్షతను నువ్వుల స్నిగ్ధత సరిచేయును. నూనెలో వేయించు పని లేదు, బెల్లము లేదు. సజ్జలలో ఇనుము, పీచు అధికము. నువ్వులలో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. పొట్టులోని ఆక్సలేటుల వలన అదంతయు ఒంటికి పట్టదు. సజ్జపిండి కొలది దినములలోనే చేదెక్కును గనుక అప్పటికప్పుడు విసరించుకొని, కాగిన నీటితో పిసికి, రొట్టెను చేతితో తట్టి, పైన నువ్వులద్ది పెనముపై రెండువైపుల కాల్చవలెను. చిక్కుడుకాయ, వంకాయ కూరతో రొట్టె ఒకటి తినిన మధుమేహ రోగికిని పండుగ పూట తృప్తి కలుగును. దీనిలోను పిండి పదార్థమున్నది గనుక అన్నమునకు బదులుగానే తినవలెను, అన్నముతో కలిపి కాదు. చరకుడు ప్రమేహ రోగులకు యవలను, తృణధాన్యములను విధించుటయు ఈ సందర్భమున గుర్తుంచుకొనదగినది. కొర్రలు, సామలు మన మెట్ట పొలములకు కొత్తవి కావు.

నల్లగొండ వారికి ప్రత్యేకముగా ఒక హెచ్చరిక. నానబెట్టిన బియ్యము, పిసికిన పిండి నీటిని త్రాగును. బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్నచో అదియు పిండిలో చేరును. నీటిని మరిగించిన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడును. త్రాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండుట మేలు, ఒకటిన్నర దాటరాదు. పటిక, సున్నముతో ఫ్లోరైడును తొలగించు పద్ధతికి “నల్లగొండ విధానము” అను పేరే వచ్చినది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరింపబడిన మిషన్ భగీరథ నల్లా నీటిని త్రాగుటకే కాక పిండి కలుపుటకును వాడవలెను.

గురు పదార్థములను సగము కడుపునకే తినవలెనని శాస్త్రము. భోజనము ముగించిన పిమ్మట పిండివంటలు తినరాదు. ముందుగానో, భోజనమునకు బదులుగానో తినవలెను. పైన చల్లని నీరు వద్దు, గోరువెచ్చనిదే మేలు. కడుపు బరువెక్కినచో శొంఠిపొడి, వాముపొడి సమభాగములుగా కలిపి పావు చెంచాడు వేడినీటితో సేవించి, మరుసటి పూట ఉపవాసముండిన చాలును. మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు మాత్రము ఉపవాసము చేయరాదు, పండుగ పేర మందు మానరాదు. శివరాత్రి దాటిన పిమ్మట వసంతపు ఎండకు కఫము కరుగ నారంభించును. అప్పటికిని డబ్బా అడుగున అరిసెలు మిగిలియున్నచో పొలము పనికి వచ్చువారికి పెట్టుడు.